నార్వే కైమీరాలోనూ పసిఫిక్ కైమీరాలోనూ ఒకే ప్రజాతి పురుగు ఎలా ఉంది?

బెర్గెన్ అమ్మాయి:

నమస్కారం అండీ. మాది విజయనగరం. ఇప్పుడు నార్వేలో, బెర్గెన్‌లో మత్స్యశాస్త్రంలో మాస్టర్స్ చేస్తున్నాను. ఇక్కడి ఫ్యోర్డుల్లో, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపు పాయల్లో, లోతునీటి రొయ్యల కోసం లాగే ట్రాల్ వలల్లో కైమీరా మాన్‌స్ట్రోసా అనే చేప కూడా పడుతుంది. పెద్ద ఆకుపచ్చ కళ్ళు, సన్నగా సాగిన తోక, వీపు మీద విషపు ముల్లు. దీన్ని ఎవరూ పెద్దగా కొనరు. నా ప్రాజెక్టు కోసం వీటి పేగులు కోసి, లోపలి పరాన్నజీవుల వివరాలు రాసుకుంటున్నాను.

డిగ్రీలో సొరచేపను కోసినప్పుడు చూసిన సర్పిల కవాటం, అంటే పేగు లోపల మెట్లలా తిరిగే మడత, వీటికీ ఉంది. దాని మడతల మధ్య తెల్లగా, అంచుల నిండా ముడతలతో పురుగులు దొరుకుతున్నాయి. పెద్ద చేపల్లో చాలావాటిలో సరిగ్గా రెండే ఉంటున్నాయి, అది నాకు వింతగా ఉంది. పురుగు పేరు గైరోకోటైల్ అని, బద్దెపురుగుల కోవలోదని మా గైడ్ చెప్పారు. పాత పేపర్లు తిరగేస్తే అమెరికా పడమటి తీరంలో ఉండే హైడ్రోలేగస్ కోలియైలోనూ, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దగ్గర ఉండే కల్లోరింకస్ మిలియైలోనూ ఇదే ప్రజాతి పురుగులు ఉన్నాయని రాశారు.

నాకు అంతుపట్టనిది ఇదే. ఈ చేపలు అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కి ఈదుకుంటూ వెళ్ళే రకం కాదు. గుడ్లు కూడా సముద్రం అడుగునే పెడతాయి, నీటివాలుకు కొట్టుకుపోయే పిల్ల దశ లేదు. మరి పురుగు అన్ని సముద్రాలకూ ఎలా చేరింది? చేపలు చుట్టాలు కాబట్టి పురుగులూ చుట్టాలే అని సరిపెట్టుకుందామంటే, అదే వలలో వచ్చే ఎలుకతోక చేప కొరిఫనాయిడిస్ రుపెస్ట్రిస్ దగ్గర ఆ లెక్క కుదరడం లేదు. దాని కడుపులో, పేగులో దొరికే ట్రెమటోడ్లు అనే చిన్న చదును పురుగులు దానికి ఏ చుట్టరికమూ లేని చేపల్లో కూడా ఉన్నట్టు జాబితాల్లో కనిపిస్తోంది. ఒక్కో పురుగుకు ఒక్కో రూలా? థీసిస్‌లో ఈ భాగం రాయాలి, టెన్షన్‌గా ఉంది. మన వైపు సముద్రంలో ఇలాంటి పని ఎవరైనా చేశారేమో కూడా చెప్పండి.

వాల్తేరు మేష్టారు:

అమ్మా, మీరు అడిగిన తీరులోనే సగం జవాబు ఉంది. నేను కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. పాఠాలు చెప్పగా మిగిలిన సమయమంతా చేపల పురుగుల మీదే పెట్టాను. జవాబు కొంచెం పెద్దదే అవుతుంది, ఓపికగా చదవండి.

ముందు గైరోకోటైల్. ఈ పురుగు సముద్రాలు దాటలేదు. దానికి ఆ అవసరమే రాలేదు. కైమీరాల వంశం సొరలు, టేకు చేపల వంశం నుంచి దాదాపు 40 కోట్ల ఏళ్ళ కిందట విడిపోయింది. అప్పట్లో ఎన్నో రకాలు ఉండేవి, ఇప్పుడు మూడు కుటుంబాలు మిగిలాయి. వాటిలో కల్లోరింకస్ కుటుంబం దక్షిణార్ధగోళానికే పరిమితం. దానిలో మూడు జాతులున్నాయి: ఒకటి దక్షిణ అమెరికా దగ్గర, ఒకటి దక్షిణ ఆఫ్రికా దగ్గర, ఒకటి మీరు చెప్పిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దగ్గర. గైరోకోటైల్, దాని దగ్గరి బంధువులు పెరిగి గుడ్లు పెట్టేది ఈ వంశం చేపల్లోనే. అదే నీళ్ళలో తిరిగే సొరల్లో, టేకుల్లో బద్దెపురుగులు వందల జాతులున్నాయి, కానీ అవన్నీ వేరే క్రమాలవి. పక్కపక్కనే బతుకుతున్నా, ఒకే అడుగున తింటున్నా ఈ పురుగు అటు దూకలేదు.

పురుగు ఒళ్ళు చూసినా దాని పాతదనం తెలుస్తుంది. మామూలు బద్దెపురుగుకు గొలుసుగా ఖండితాలుంటాయి, ప్రతి ఖండితంలో ఒక జత జననాంగాలుంటాయి. గైరోకోటైల్‌కు ఖండితాలు లేవు, మొత్తం ఒంటికి ఒకే సెట్టు. మామూలు బద్దెపురుగు పిండానికి 6 కొక్కేలు, దీని డింభకానికి 10. బద్దెపురుగుల వంశవృక్షంలో మొదట చీలిన కొమ్మల్లో దీన్ని పెడతారు. పాత చేపలో పాత పురుగు. చేపల వంశం చీలి, ఖండాలు జరిగి, సముద్రాలు తెరుచుకుంటూ ఉంటే లోపలి పురుగు కూడా చేపతోనే చీలుతూ వచ్చింది. ఇంటిపేరు తరతరాలుగా వచ్చినట్టు ఇది వంశంతో వచ్చింది. అందుకే మీకు ప్రజాతి ఒకటే కనిపిస్తోంది, జాతులు మాత్రం వేరు.

ఆ జాతుల దగ్గరే అసలు ముచ్చట ఉంది. మీ కైమీరా మాన్‌స్ట్రోసాలో తరచుగా దొరికేది గైరోకోటైల్ ఉర్నా. అదే చేపలో అరుదుగా గైరోకోటైల్ కన్ఫ్యూజా కూడా దొరుకుతుంది. పసిఫిక్ హైడ్రోలేగస్ కోలియైలో గైరోకోటైల్ ఫింబ్రియాటా మామూలుది, గైరోకోటైల్ పార్విస్పైనోసా అరుదైనది. ఇక్కడా అక్కడా ఒకే అమరిక చూడండి: ఒక చేపకు ఒక మామూలు పురుగు, దానికి తోడు ఒక అరుదైన పురుగు. వేల కిలోమీటర్ల దూరంలో, వేరే చేపలో, మళ్ళీ అదే అమరిక ఎందుకు వచ్చిందన్నది నన్ను ఇప్పటికీ కూర్చోనివ్వదు. కాబట్టి దొరికిన ప్రతి పురుగునూ ఉర్నా అని రాసేయకండి. వెనకవైపు రోజెట్, అంటే పేగుకు అంటుకునే పువ్వులాంటి భాగం, ఎంత ముడతలు పడిందో, ఒంటి అంచు ముడతలు ఎంత దూరం ఉన్నాయో, ముళ్ళ పరిమాణం, వరస ఎలా ఉన్నాయో ఒక్కోటీ చూసి రాయండి.

చేపకు రెండు పురుగులన్నది మీరు సరిగ్గానే గమనించారు. 1968లో ఓస్లో ఫ్యోర్డు కైమీరాల మీద హాల్వోర్సెన్, విలియమ్స్ ప్రచురించిన పని మీకు ఇంటి పక్కదే, తప్పకుండా చదవండి. చిన్న చేపల్లో కొన్నిసార్లు చిట్టి పురుగులు చాలా ఉంటాయి, చేప పెద్దదయ్యేసరికి రెండు మిగులుతాయి. మిగతావి ఎలా పోతున్నాయి? చోటు కోసం పోటీయా, చేప తనే తోసేస్తోందా? దీనికి ఒక్కటే దారి ఉంది. ప్రతి చేప పొడవు, లింగం, పురుగుల సంఖ్య, ఒక్కో పురుగు పొడవు, సర్పిల కవాటంలో ఎన్నో మడతలో దొరికిందో ఒకే వరుసలో రాయాలి. సగటు తీసి ఒక అంకె ఇస్తే ఆ కథంతా పోతుంది.

ఇంకో మాట. ఈ పురుగు జీవితచక్రం ఇప్పటికీ ఎవరూ పూర్తిగా తేల్చలేదు. గుడ్డు నుంచి ఈదే డింభకం వస్తుందన్నది చూశారు. అది నేరుగా చేపలోకి వెళ్తుందా, మధ్యలో పీతలోనో ఆల్చిప్పలోనో ఆగుతుందా అన్నది తెరిచే ఉంది. థీసిస్‌లో మాధ్యమిక అతిథేయి, అంటే పురుగు మధ్యలో ఆగే జీవి, లేదని రాయకండి, ఉందని కూడా రాయకండి.

లేబుల్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రజాతి పుట్టుకే లేబుల్ గొడవతో మొదలైంది. వియన్నాలో డీజింగ్ 1850లో గైరోకోటైల్ రుగోసాను వర్ణించినప్పుడు దాని అతిథేయిగా, అంటే అది బతికే జీవిగా, రాసింది దక్షిణ ఆఫ్రికా జింకను! సముద్రం అడుగు చేప పేగులోది జింకలోది అయిపోయింది. సీసాకు తప్పు కాగితం తగిలితే ఎక్కడిదాకా పోతుందో చూడండి. పురుగుల పంపిణీ గురించి మాట్లాడే హక్కు మనకు ఇచ్చేది ఆ చిన్న కాగితమే. దాని మీద శ్రద్ధ లేనివాళ్ళ జాబితాలను నేను నమ్మను.

ఇక ఎలుకతోక చేప. దాని ట్రెమటోడ్లు వంశంతో కాదు, భోజనంతో వస్తాయి. ట్రెమటోడ్ మొదట నత్తలోనో ఆల్చిప్పలోనో పెరగాలి. అక్కడి నుంచి పాలికీట్ పురుగులోకో, చిన్న రొయ్యలాంటి జీవిలోకో చేరాలి. దాన్ని చేప తినాలి. ఒకే అడుగున ఒకే తిండి తినే చేపలు చుట్టాలు కాకపోయినా ఒకే పురుగును పంచుకుంటాయి. లెపిడాపీడాన్ ప్రజాతిని తీసుకోండి. లోతు సముద్రంలో అది ఎలుకతోకల్లో, వాటి బంధువుల్లో బాగా విస్తరించింది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం రాడ్నీ బ్రే, ఆయన సహచరులు 1999లో డీఎన్‌ఏతో దీని వంశవృక్షం గీశారు. చేపల వృక్షం పక్కన పెట్టి చూస్తే కొమ్మకు కొమ్మ సరిపోదు. పురుగులు ఒక చేప నుంచి ఇంకో చేపకు మారుతూ వచ్చాయన్న మాట.

మీకు గందరగోళం తెచ్చింది బహుశా డెరోజెనిస్ వారికస్ అయి ఉంటుంది. కడుపులో దొరికే చిన్న ట్రెమటోడ్. చల్లటి నీళ్ళలో 100కు పైగా చేప జాతుల్లో, రెండు అర్ధగోళాల్లోనూ ఉన్నట్టు రాసి ఉంది. అంత విశాల హృదయం ఉన్న పురుగు ఉంటుందా అని పాతవాళ్ళకే అనుమానం. ఈమధ్య డీఎన్‌ఏ చూస్తే ఆ ఒక్క పేరు కింద పలు జాతులు బయటపడ్డాయి. కాబట్టి జాబితాలో ఒకే పేరు ఉన్నంత మాత్రాన ఒకే పురుగు అనుకోకండి.

దీనిలో చల్లదనానికి కూడా వాటా ఉంది. ఫ్లోరిడా టార్టుగాస్ దగ్గర లోతునీటి చేపల ట్రెమటోడ్ల మీద హెరాల్డ్ మాంటర్ 1934లో రాశారు. పైన ఉష్ణమండలపు వెచ్చటి నీళ్ళు, పగడాలు. కింద లోతులో పట్టిన చేపల్లో మాత్రం ఉత్తరాది చల్లటి తీరాల చేపల్లో ఉండే పురుగులకు దగ్గరివి దొరికాయి. ఉత్తరాన తీరం దగ్గరే ఉండే బృందం, దక్షిణానికి వచ్చేసరికి చల్లదనం వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. మ్యాపు మీద అక్షాంశం, రేఖాంశం గీస్తే ఇది కనబడదు, లోతు కూడా గీయాలి.

ఐస్‌లాండ్ క్యూసీ:

మేష్టారూ, చాలా బాగా చెప్పారు. మాది కాకినాడ. నేను ఐస్‌లాండ్‌లో చేపల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ చూస్తాను. మాకు రోజూ కనిపించే పరాన్నజీవి సిబాస్టిస్ మెంటెల్లా అనే ఎర్రచేప మీద ఉండే స్ఫిరియాన్ లంపి. ఇది పురుగు కాదు, కోపిపాడ్, అంటే రొయ్యల వైపు చుట్టం. ఆడది తలను చేప కండలోకి లోతుగా దించి పాతుకుపోతుంది. ఒళ్ళు, గుడ్ల తాళ్ళు బయట వేలాడతాయి. అది చచ్చి ఊడిపోయినా తల లోపలే మిగిలి చుట్టూ గట్టిపడుతుంది. ఫిల్లెట్ కోసినప్పుడు ఆ ముక్క తీసేయాలి, దాంతో బరువు పోతుంది, పని ఆగుతుంది. మనుషులకు హాని ఏమీ లేదు, కానీ కొనేవాళ్ళు చూస్తే ఊరుకోరు.

చేప ఏ నీళ్ళ నుంచి వచ్చిందన్నది దీన్నిబట్టి మా సీనియర్లు అంచనా వేస్తారు. ఇర్మింగర్ సముద్రం లోతుల నుంచి వచ్చిన లాటులో ఇవి ఎక్కువ, చర్మం మీద నల్ల మచ్చలు కూడా ఎక్కువ. ఇది మీరు చెప్పిన వంశం లెక్కా, భోజనం లెక్కా?

వాల్తేరు మేష్టారు:

రెండూ కాదు. కోపిపాడ్ డింభకం నీళ్ళలో ఈదుతూ వచ్చి చేపను పట్టుకుంటుంది, కాబట్టి చేప ఏ నీటి పొరలో, ఏ ప్రాంతంలో పెరిగిందన్నదే ముఖ్యం. మీ సీనియర్లు ఫ్యాక్టరీలో చేస్తున్నదే మత్స్యశాస్త్రంలో ఒక పద్ధతి. పరాన్నజీవిని చేపకు ప్రకృతి కట్టిన ట్యాగుగా వాడడం అది. ఉత్తర అట్లాంటిక్ ఎర్రచేపల గుంపులను విడదీయడానికి స్ఫిరియాన్‌ను ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు.

బంధువుల సంగతి కూడా దీనిలో ఉంది. స్ఫిరియాన్ లంపి ఎర్రచేపతో ఆగదు, ఎలుకతోకల మీద కూడా దొరుకుతుంది. దక్షిణార్ధగోళంలో దీని తోబుట్టువు స్ఫిరియాన్ లేవిగేటం ఉంది. దక్షిణ ఆఫ్రికాలో, న్యూజిలాండ్‌లో కింగ్‌క్లిప్ అనే జెనిప్టెరస్ చేపల మీద అది కనబడుతుంది. ఎర్రచేపకూ జెనిప్టెరస్‌కూ చుట్టరికం ఏమీ లేదు. కోపిపాడ్లు చుట్టాలు, చేపలు కావు. గైరోకోటైల్‌కు సరిగ్గా తలకిందులు.

బెర్గెన్ అమ్మాయి:

మేష్టారూ, చాలా థాంక్స్. మీరు రాసింది నాలుగైదు సార్లు చదివాను. పొడవు, మడత నంబరు ఈ వారం నుంచే విడిగా రాస్తున్నాను. ఇంకో సందేహం. ఎలుకతోక కాలేయం మీద చుట్టలు చుట్టుకున్న అనిసాకిస్ పిల్ల పురుగులు చాలా ఉన్నాయి. వీటి పంపిణీని ఎలా చూడాలి?

వాల్తేరు మేష్టారు:

అనిసాకిస్ దగ్గర చేపను మర్చిపోయి తిమింగలాన్ని చూడండి. ఆ పురుగు పెద్దదయ్యేది తిమింగలాల్లో, డాల్ఫిన్లలో. క్రిల్ లాంటి చిట్టి రొయ్యల్లాంటి జీవులు మొదట, తరవాత చేపలు, స్క్విడ్లు దాన్ని మోసుకు తిరుగుతాయి. చేపలో అది ఎదురుచూస్తూ ఉంటుందంతే, అందుకే ఏ చేప అన్న పట్టింపు తక్కువ. ఏ తిమింగలం అన్న పట్టింపు మాత్రం ఉంది. అనిసాకిస్ ఫైసెటెరిస్ స్పెర్మ్ తిమింగలానిది, అనిసాకిస్ పాగియే పిగ్మీ స్పెర్మ్ తిమింగలాల వైపుది. ఆ తిమింగలాలు ఎక్కడ మునిగి స్క్విడ్లు తింటాయో అక్కడి లోతునీటి చేపల్లో వాటి పిల్ల పురుగులు దొరుకుతాయి.

బయటికి ఒకేలా కనిపించే ఈ జాతులను జన్యువులతో విడదీసింది ముఖ్యంగా ఇటలీ వాళ్ళు, నాషెట్టి, మటియూచి, పాగి. జపాన్‌లో చూడండి, ఒకే మాకెరెల్ చేపలో పసిఫిక్ వైపు అనిసాకిస్ సింప్లెక్స్ ఎక్కువ, జపాన్ సముద్రం వైపు అనిసాకిస్ పెగ్రెఫై ఎక్కువ. చేప ఒకటే, ఒడ్డు మారితే పురుగు మారింది. మీ పురుగులకు కూడా డీఎన్‌ఏ చేయించకుండా సింప్లెక్స్ అని పేరు పెట్టకండి.

ఇంట్లో వండుకునేవాళ్ళ కోసం ఒక్క ముక్క. చేపను పూర్తిగా ఉడికిస్తే భయం లేదు. పచ్చిగా తినే చేపకు యూరప్ నిబంధన ప్రకారం మధ్యభాగం దాకా మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు గడ్డకట్టించాలి.

గోదావరి గట్టు:

తెలియక అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మాది చేపల చెరువుల కుటుంబం. చెరువులో పురుగు పడితే మందు వేస్తాం, అది అర్థమైంది. వెయ్యి మీటర్ల లోతులో, ఎవరూ తినని చేప పేగులో ఏ పురుగు ఉందో తెలుసుకుంటే ఎవరికి ఏం లాభం?

వాల్తేరు మేష్టారు:

అడగాల్సిన ప్రశ్నే బాబూ. ఆరెంజ్ రఫీ అనే చేప గురించి చెబుతాను. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దగ్గర సముద్రగర్భపు కొండల మీద గుంపులుగా చేరుతుంది. 1980ల్లో పెద్ద ట్రాలర్లు వెళ్ళి టన్నులకు టన్నులు ఎత్తాయి. అది 100 ఏళ్ళకు పైగా బతకగలదు, ఈడుకు రావడానికే దశాబ్దాలు పడుతుంది. అప్పుడు తేల్చాల్సింది ఒక్కటే. ఒక కొండ మీద చేపలు అయిపోతే పక్క కొండ నుంచి వచ్చి నింపుతాయా, లేక ఏ గుంపు ఆ గుంపేనా?

అంత లోతు నుంచి చేపను పైకి తెచ్చి, ట్యాగు కట్టి, మళ్ళీ వదిలితే బతకదు. మీరు చెరువులో రెక్క కత్తిరించి గుర్తు పెట్టినట్టు అక్కడ కుదరదు. లెస్టర్, ఆయన సహచరులు ఏం చేశారంటే, చేప ఒంట్లో ఏళ్ళ తరబడి నిలిచి ఉండే పిల్ల పురుగులను ప్రాంతాలవారీగా లెక్కపెట్టారు. 1988లో ఫలితం వచ్చింది. పురుగుల కూర్పు చోటుచోటుకూ తేడాగా ఉంది. చేపలు దూరం తిరగడం లేదు, గుంపులు వేరువేరు. అంటే ఒక చోట అతిగా పడితే ఆ చోటు ఖాళీ అవుతుంది, పక్కవాళ్ళు వచ్చి నింపరు. కోటా మొత్తం సముద్రానికి కలిపి కాదు, గుంపు గుంపుకూ విడిగా పెట్టాలి. ఈ మాట చెప్పింది పురుగులే.

చేపను సరిగ్గా గుర్తుపట్టడానికి కూడా ఇంత ఓపిక కావాలి. అంటార్కిటిక్ చుట్టూ మాక్రూరస్ విట్సోనై అనే ఎలుకతోక ఒకటే అనుకుని చాలాకాలం రాశారు. 2012లో దానిలోంచి మాక్రూరస్ కామ్ల్ అనే కొత్త జాతిని విడదీశారు. ఇక అంతకుముందు ఆ నీళ్ళ నుంచి విట్సోనై పురుగులంటూ వచ్చిన జాబితాలు ఏ చేపవో చెప్పాలంటే, దాచిపెట్టిన చేప ఉండాలి. పురుగును దాచి చేపను పారేసినవాళ్ళ శ్రమ అక్కడే ఆగిపోయింది. బెర్గెన్ అమ్మాయికి కూడా ఇదే చెబుతున్నాను, కొన్ని చేపలను మ్యూజియంలో దాయించండి, కనీసం మిగతా అన్నిటికీ ఫోటో, కండ ముక్క ఉండాలి.

మన వైపు పని గురించి అడిగారు కదా. వాల్తేరు తీరపు చేపల ట్రెమటోడ్ల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రొక్కం మాధవి గారు ఏళ్ళ తరబడి పేపర్లు రాశారు. పైన చెప్పిన లండన్ రాడ్నీ బ్రే, మాధవి గారు కలిసి భారత సముద్ర చేపల ట్రెమటోడ్లన్నిటినీ ఒక పెద్ద గ్రంథంగా కూర్చారు, 2018లో వచ్చింది. విశాఖలో కూర్చుని మైక్రోస్కోపు కింద ఒక్కొక్క పురుగునూ గీసిన చెయ్యి అది. మీ థీసిస్‌లో హిందూ మహాసముద్రం మాట వస్తే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

మన లోతుల్లో ఇంకో ప్రత్యేకత ఉంది. అరేబియా సముద్రంలో సుమారు 150 మీటర్ల నుంచి 1000 మీటర్ల దాకా ఆక్సిజన్ బాగా తక్కువ ఉన్న పొర ఉంది. బంగాళాఖాతంలోనూ అలాంటి పొర ఉంది. ఆ పొర అడుగును తాకే వాలు మీద నత్తలు, ఆల్చిప్పలు, పాలికీట్లు కొన్ని రకాలే నిలుస్తాయి. ట్రెమటోడ్ బతుకంతా వాటి మీదే ఆధారపడింది కాబట్టి, ఆ పొర లోపల పట్టిన ఎలుకతోకనూ దాని కిందనుంచి పట్టిన ఎలుకతోకనూ పక్కపక్కన కోసి చూడాలని నా కోరిక. గైరోకోటైల్‌కు మధ్యలో నత్త అవసరమో కాదో కూడా అక్కడే ఒక ఆచూకీ దొరకవచ్చు.

కొల్లం బోటు:

మేష్టారూ నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా. కేరళలో కొల్లం శక్తికులంగర హార్బరు నుంచి లోతు రొయ్యల బోటు మీద వెళ్తాను. మీరు చెప్పే చేప మా వలలో కూడా పడుతుంది. ముక్కు బాగా పొడుగు, ఒళ్ళు మెత్తగా ఉంటుంది. కాలేయం నూనె కోసం తీసుకుంటారు, మిగతాది పారేస్తాం. పేగు కావాలంటే నేను దాచగలను. ఎలా దాచాలో చెప్పండి. బోటులో మైక్రోస్కోపులు అవీ ఉండవు.

వాల్తేరు మేష్టారు:

బాబూ, ఈ మాట ఎంత పెద్దదో మీకు తెలియకపోవచ్చు. మీరు చెబుతున్నది చాలావరకు నియోహారియోటా అనే పొడుగు ముక్కు కైమీరా అయి ఉంటుంది. ఉత్తర అట్లాంటిక్ కైమీరాను, అమెరికా కైమీరాను వందేళ్ళుగా కోస్తున్నారు. అరేబియా సముద్రపు చేప పేగు చేతికొస్తే పోల్చడానికి మూడో సముద్రం వస్తుంది, అదీ వేరే కుటుంబం నుంచి.

మైక్రోస్కోపు అక్కర్లేదు. చేప డెక్ మీదికి వచ్చిన వెంటనే పని మొదలుపెట్టాలి, ఎందుకంటే చేప చచ్చాక ఈ పురుగులు తొందరగా పాడవుతాయి. ఐసులో పెట్టి ఒడ్డుకొచ్చాక చూద్దాం అనుకుంటే రోజెట్ కరిగినట్టు అయిపోతుంది. ముందు చేపకు ఫోటో తీయండి, పక్కనుంచి, ముక్కు, తోక పూర్తిగా పడేలా. పొట్ట కోసి పేగును నిలువునా చీల్చండి. లోపల మెట్లలా తిరిగిన మడత కనబడుతుంది, దాన్ని సముద్రపు నీళ్ళలో మెల్లగా విప్పండి. పురుగు అంటుకుని ఉంటే లాగకండి, తెగిపోతుంది. ఆ చోటు పేగుతో సహా కోసేయండి.

పురుగు అంచు నుంచి గోరంత ముక్క కోసి, నీళ్ళు కలపని ఆల్కహాలులో వేయాలి, అది డీఎన్‌ఏకి. మిగతా ఒళ్ళును గిన్నెలో పెట్టి, స్టవ్ మీద మరిగించిన సముద్రపు నీళ్ళు ఒక్కసారిగా పోయండి. చాచుకున్నట్టే చనిపోతుంది, ముడుచుకోదు. తరవాత ఫార్మలిన్‌లో పెట్టాలి. ఫార్మలిన్ ఘాటు కళ్ళకు, ఊపిరికి మంచిది కాదు. గాలి మీ వెనకనుంచి వీచేలా నిలబడి, గ్లౌజులు వేసుకుని పోయండి, వంటగదిలో మాత్రం పెట్టకండి. సీసాలు, ఆల్కహాలు, ఫార్మలిన్ మీరు కొనక్కర్లేదు. దగ్గరి కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంటులో అడిగి ఇప్పించే పని నాది, నాకు మెసేజ్ పెట్టండి.

సీసా లోపల దళసరి కాగితం మీద పెన్సిలుతో రాసి పెట్టాలి. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది. తేదీ, వల వేసిన చోటు, ఎత్తిన చోటు, లోతు రాయండి. లోతు మీటర్లలో తెలియకపోతే ఎన్ని బారలో రాయండి, మేము మార్చుకుంటాం. చేప పొడవు, మగదా ఆడదా కూడా రాయండి. మగదానికి పొట్ట రెక్కల దగ్గర సొరకు ఉన్నట్టే క్లాస్పర్లు అనే జతకట్టే అవయవాలు ఉంటాయి. నుదుటి మీద కూడా చిన్న కొక్కెంలాంటిది ఉంటుంది. పురుగు దొరకని చేప వివరాలు కూడా అంతే శ్రద్ధగా రాయాలి, అవి లేకపోతే ఎన్ని చేపల్లో ఉందో చెప్పలేం.

కొల్లం బోటు:

బోటులో జీపీఎస్ ఉంది, చోటు రాసుకుంటాను. ఒక్కోసారి పొడుగు ముక్కువీ, పొట్టి ముక్కువీ రెండు రకాలూ ఒకే వలలో పడతాయి. వాటిని ఒకే సీసాలో వేయవచ్చా?

వాల్తేరు మేష్టారు:

వద్దు బాబూ. ఒక చేపకు ఒక సీసా. రెండూ ఒకే రకంగా కనిపించినా సరే.

బెర్గెన్ అమ్మాయి:

అన్నా, పొట్టి ముక్కు చేప ఫోటో ఉంటే ఇక్కడ పెట్టగలరా? రెక్కలు, పక్కగీత కనబడితే అది కైమీరా ప్రజాతిదో హైడ్రోలేగస్ ప్రజాతిదో మా ల్యాబులో చూసి చెబుతాను. తోక కింద రెక్క దగ్గర ఒక నొక్కు ఉందో లేదో కనిపించేలా తీయండి.